రెప్పవెండ్రుకలు

మన హోసూరు ప్రాంతమున ఒకే ముంగిట మూడు భాషలు వినబడుట క్రొత్త గాదు. కంటిని కప్పు చర్మమును మనము రెప్ప అందుము. కన్నడమువారు రెప్పె అందురు. తమిళులు ఇమై అందురు. అంతవరకు చిక్కు లేదు. కాని ఆ రెప్ప అంచున వరుసగా మొలిచిన సన్నని వెండ్రుకలకు మన ఇండ్లలో ప్రత్యేకమైన పేరేదియు నేను వినలేదు. రెప్పవెండ్రుకలు అందుము, అంతే. సంస్కృతములో మాత్రము పక్ష్మము అని చక్కని మాట ఉన్నది. దానికి కంటి వెండ్రుక అనియు, పూవులోని కేసరమనియు, దారపు సన్నని కొస అనియు అర్థములు చెప్పుదురు. గులాబీలు పండించి ఊళ్ళకు పంపు హోసూరువారికి ఈ పోలిక రుచింపవలసినదే. అయినను మనవారు ఆ మాటను కావ్యములకు వదలినారేకాని వంటయింటిలోనికి రానీయలేదు. పిల్లలను కంటికి రెప్పవలె కాపాడుకొంటిమని దినమునకు పదిమార్లు అనుచుందుము. ఆ రెప్పకు కావలి కాయునవి ఏవో ఎవరును అడుగరు.

నేను కూడ యాబదిరెండేండ్ల వరకు అడుగలేదు. అవి రాలిపోయిన తరువాతనే వాటిని గూర్చి ఆలోచింపవలసి వచ్చినది.

2024 అక్టోబరులో నా రొమ్ములో గడ్డ ఉన్నదని తెలిసినది. బెంగుళూరులో శస్త్రచికిత్స జరిగినది. తరువాత నవంబరు మొదలుకొని మూడువారముల కొకమారు చొప్పున ఆరుమార్లు మందు ఎక్కించినారు. ఆ మందు శరీరములో వేగముగా పెరుగు కణములను వెదకి చంపును. రోగపు కణము ఏది, వెండ్రుక మొదలులోని కణము ఏది అను వివేకము దానికి లేదు. అందుచేత రెండవ మారు ఎక్కించునాటికి తల వెండ్రుకలు పోయినవి. రెప్పలవి, కనుబొమలవి మాత్రము చాలకాలము నిలిచినవి. తల పోయినను కన్నులు మిగిలినవి గదా అని నేను సంతోషించుచుండగా, 2025 మార్చి మొదటివారములో కడపటి మందు ముగిసిన పిమ్మట, ఇక అంతయు అయిపోయినది అనుకొన్నప్పుడు, అవి కూడ దిండుమీద రాలనారంభించినవి. ఈ విధముగా చివర రాలుట సామాన్యమే అని డాక్టరుగారు చెప్పినారు.

తల బోడి అగుట మన తెలుగువారిలో పెద్ద విషయము కాదు. ఎవరైన చూచి నివ్వెరపోయినచో తిరుమల మొక్కు అని ఒక్క మాట చెప్పిన చాలును. వారే చేతులు జోడించి, ప్రసాదము తెచ్చినారా అని అడుగుదురు. ఆ ఆరు నెలలలో మా వీధివారికి నేను ఈ మాటయే చెప్పినాను. నిజముగా మొక్కు కూడ ఉన్నది గనుక అందులో అబద్ధమేమియు లేదు. కాని తలనీలాలు స్వామికి సమర్పించినాము అనవచ్చును. రెప్పవెండ్రుకలు ఏ స్వామికి సమర్పించినామని చెప్పవలెను? వెండ్రుకలు లేని రెప్పలను చూచినవారికి ఏదో లోపము ఉన్నదని వెంటనే తోచును, అదేమో తెలియదు. కొంతసేపు ముఖము పరిశీలించి, ఆపైన చూపు తిప్పుకొందురు. ఆ తిప్పుకొనుటయే నాకు కష్టముగా ఉండెడిది.

మే నెలలో, వైశాఖమున, మా అమ్మాయి వివాహము. నిశ్చితార్థము 2024 శ్రావణములో, అనగా నా జబ్బు బయటపడుటకు ముందే, జరిగినది. పెండ్లివారిది కృష్ణగిరి, మామిడితోటలవారు. జబ్బు సంగతి తెలిసిన వారములోనే మా ఇంటాయన వెళ్ళి వారికి చెప్పి వచ్చినారు. మా వియ్యపురాలు ఆ మరునాడే హోసూరుకు వచ్చి, ముహూర్తము వెనుకకు జరుపుదుమా అని మాత్రము అడిగి వెళ్ళినది. వారి విషయములో నాకు చింత లేకుండెను. చింత అంతయు మిగిలిన మూడువందల మంది బంధువుల విషయములోనే.

ఇక్కడ మా పెద్దత్తగారిని గూర్చి చెప్పవలెను. ఆమెకు ఎనుబదియేండ్లు దాటినవి. దేంకణికోట వైపు పుట్టి పెరిగిన మనిషి. బ్యూటీపార్లరు అను మాట ఎత్తిన ముఖము ముడుచుకొనును. కనుబొమలు సరిచేయించుకొన్న మనుమరాండ్రను, దేవుడిచ్చినది పెరికి పారవేసితిరా అని ఇప్పటికిని దెప్పుచుండును. అటువంటి ఆమె ఏప్రిల్ నెలలో ఒకనాటి మధ్యాహ్నము నా ప్రక్కను కూర్చుండి, స్వరము తగ్గించి ఇట్లన్నది.

"అమ్మణ్ణీ, ఇప్పుడు రెప్పలకి ఎంటికలు అతికిస్తారంట గదా. నువ్వు పోయి అతికించుకోని రా. పందిట్లో నలుగురూ నిన్నే చూస్తారు. తల్లికి ఉండేది బిడ్డకి రాదా అని ఒకరు అనేకి నోరు తెరిస్తే చాలు, ఊరంతా అంటాది. ఇంగా మనింట్లో చిన్నబిడ్డ ఉండాది."

చిన్నబిడ్డ అనగా నా రెండవ కుమార్తె. ఆమె చెప్పిన దానిలో వాస్తవము లేకపోలేదు. రొమ్ము జబ్బులలో ఎక్కువ భాగము తల్లి నుండి బిడ్డకు సంక్రమించునవి కావు. వంశానుగతముగా వచ్చునవి నూటికి ఐదు మొదలు పది వరకే అని వైద్యులు చెప్పుదురు. ఈ లెక్క పెండ్లి సంబంధములు మాటలాడువారి చెవికి ఎక్కదు. పెద్దత్తగారు నన్ను అలంకరించుకొమ్మని చెప్పలేదు. దాచుకొమ్మని చెప్పినది. ఆమెకు పార్లరుమీద ఉన్న అసహ్యము కంటె మనుమరాలిమీద ఉన్న ప్రేమ పెద్దది.

ఆమె మాట నాకు కోపము తెప్పింపలేదు. ఏలయనగా నాకును ఆ కోరిక అప్పటికే ఉన్నది. అద్దములో నా ముఖము నాది కానట్లు తోచుచుండెను. అందమునకై ఆశపడుట ఈ వయసులో తగునా అని కొందరు అనవచ్చును. అందము వేరు, ఉన్నది పోయినప్పుడు దానిని మరల కోరుట వేరు. పన్ను ఊడినవాడు కట్టుడు పన్ను పెట్టించుకొన్నచో వానిని ఎవరు వేళాకోళము చేయుదురు?

పైగా అవి కేవలము శోభకు కావు. పై రెప్పకు సుమారు 90 మొదలు 150 వరకు, క్రింది రెప్పకు 70, 80 వరకు వెండ్రుకలుండును. ఒక్కొక్కటి కొన్ని వారములు పెరిగి, కొంతకాలము ఊరకుండి, రాలి, మరల మొలచును. దినమునకు ఒకటి మొదలు ఐదు వరకు రాలుట అందరికిని ఉన్నదే. అమెరికాలోని జార్జియా సాంకేతిక విద్యాలయమువారు 22 జాతుల పాలిచ్చు జంతువుల కన్నులను కొలిచి, 2015లో ఒక విచిత్రమైన సంగతి ప్రకటించినారు. ఏ జంతువైనను సరే, రెప్పవెండ్రుకల పొడవు కంటి వెడల్పులో ఇంచుమించు మూడవ వంతు ఉన్నదట. వారు కృత్రిమమైన కన్నును చేసి దానిమీదికి గాలి వదలి పరీక్షించినప్పుడు, ఆ మూడవ వంతు పొడవు వద్దనే కంటిమీదికి వచ్చు గాలియు ధూళియు, కంటి తడి ఆరిపోవుటయు మిక్కిలి తగ్గినవి. అంతకు పొట్టివైన కాపు చాలదు. అంతకు పొడుగైన, గాలిని అవియే పోగుచేసి కంటిలోనికి త్రోయును. మనుష్యుల కన్ను మూడు సెంటీమీటర్లకు అటునిటు గనుక ఒక సెంటీమీటరు చాలునన్నమాట. పార్లరులలో పొడుగైనకొలది వెల పెంచుదురు; గాలి లెక్క వారికి పట్టదు.

ఈ శాస్త్రము నాకు పుస్తకము చదువక మునుపే అనుభవమునకు వచ్చినది. హోసూరు నుండి కృష్ణగిరికి పోవు దారి మీకందరికి తెలిసినదే. శూలగిరి దాటినప్పటినుండి రాతిదిమ్మెలు మోయు లారీలు, వాటి వెనుక తెల్లని దుమ్ము. పెండ్లిపనులమీద ఆ దారిన నాలుగైదుమార్లు పోయి వచ్చుసరికి నా కన్నులు చింతనిప్పులైనవి. నుదుటి చెమట అడ్డులేక కంటిలోనికి దిగును. కనుబొమలు కూడ లేవు గదా. గాలి వీచినచో నీరు కారును. ఎదుటివారు నేను ఏడ్చుచున్నాననుకొని ఓదార్చుచుండిరి. ఆ ఓదార్పులకు ప్రత్యుత్తరము చెప్పుట దుమ్ముకంటె కష్టము.

కాబట్టి ఒకనాడు మా అమ్మాయి వెంట పార్లరుకు వెళ్ళినాను. హోసూరు బాగలూరు రోడ్డు వైపున ఉన్నది. నడుపునది ఇరువది నాలుగేండ్ల పిల్ల. బెంగుళూరులో పని నేర్చుకొన్నది. నేను తమిళములో మొదలుపెట్టగా, మా అమ్మాయితో నేనాడిన ఒక మాట విని, "అక్కా, మీరు మనోళ్ళేనా?" అని ముఖమంత వెలుగు చేసికొన్నది. ఇంటిలో తెలుగే, చదివినది తమిళము. తమిళమును తప్పనిసరి చేసిన 2006 నాటి చట్టము క్రింద ఒకటవ తరగతిలో చేరిన మొదటి జట్టు పిల్లలలో ఆమె ఒకతె. తెలుగు అక్షరము రాదు. తన తప్పు కాకపోయినను కొంచెము సిగ్గుపడుచు చెప్పినది.

ఆ పని జరుగు విధమును ఆమె ఓపికగా చెప్పినది. వీటిని పాలియెస్టరు జాతి నారతో చేయుదురు. పట్టు అనియు, మింకు అనియు పేర్లు పెట్టినను తరచు ఉండునది అదే. మనిషి కన్నులు మూసికొని పండుకొనవలెను. క్రింది రెప్పను పట్టీతో కప్పి, చిమటా వంటి రెండు సన్నని పనిముట్లతో అసలు వెండ్రుకల నొకదాని నొకటి అంటకుండ విడదీసి, ఒక్కొక్కదానిమీద ఒక్కొక్క కృత్రిమ వెండ్రుకను జిగురుతో అతుకుదురు. చర్మమునకు జిగురు తగులరాదు. ఈ పనికి గంటన్నర మొదలు రెండు గంటల వరకు పట్టును. మన కోమట్ల అంగళ్ళలో పగిలిన బొమ్మలు అతుకుటకు చిన్న గొట్టములలో అమ్ము తక్షణ జిగురు ఉన్నది చూడండి, ఇదియు ఆ కుటుంబమునకు చెందినదే, సయనోఅక్రిలేటు అందురు. గాలిలోని తేమ తగిలి గట్టిపడును. గట్టిపడునప్పుడు దాని ఆవిరి కొందరి కన్నులను మండించును. కొన్ని జిగురులనుండి ఫార్మాల్డిహైడు కూడ వెలువడును. పడనివారికి రెప్పలు పొంగి కన్ను తెరువలేని స్థితి కలుగును. అందుకొరకే రెండు దినములు ముందుగా చెవి వెనుక చుక్క పెట్టి పరీక్షింపవలెను. అతికినవి రెండు మూడు వారములుండును. అసలు వెండ్రుక రాలినప్పుడు దానితోబాటు ఇదియు రాలును. ఖాళీలు నింపించుకొనుటకు మరల పోవుచుండవలెను. వెల మూడువేల ఐదువందల రూపాయలన్నది. మన తెలుగువారని మూడువేలకు దిగినది.

అంగీకారపత్రము ఇంగ్లీషులో ఉండగా ఆమె తెలుగున అర్థము చెప్పినది. నేను చదువగలనని చెప్పక ఊరకుంటిని. ఆమె నోట తెలుగు వినుట బాగున్నది. చెవి వెనుక చుక్క పెట్టించుకొని వచ్చినాను. రెండు దినములు చూచితిమి. దురద లేదు, ఎరుపు లేదు. ఆ పిల్ల హెచ్చరించినట్లు, చెవి ఒప్పుకొన్నంత మాత్రాన కన్ను ఒప్పుకొనునని భరోసా లేదు. అయినను దేహము అడ్డుచెప్పలేదు గనుక నిర్ణయము నామీదనే పడినది.

కృత్రిమమైన రెప్పవెండ్రుకల చరిత్ర మనకు సినిమా తెరమీదనుండి వచ్చినది. 1916లో గ్రిఫిత్ అను అమెరికా దర్శకుడు ఇన్‌టాలరెన్స్ అను చిత్రము తీయునప్పుడు, నటి కన్నులు బుగ్గలను తాకునంత పెద్ద రెప్పలతో కనబడవలెనని కోరి, విగ్గులు చేయువాని చేత వెండ్రుకలు నేయించి అతికించినాడని చెప్పుదురు. తరువాత మన చెన్నపట్టణపు స్టూడియోలలోను, కూచిపూడి, భరతనాట్య వేదికలమీదను పట్టీవలె అతికించునవి ప్రవేశించినవి. అవి ఆటకు ముందు అతికి, ఆట ముగియగానే ఊడదీయునవి. వాటి జిగురు వేరు. ఒక్కొక్క వెండ్రుకగా అతికి వారములకొలది ఉంచుకొను పద్ధతి ఈ శతాబ్ది మొదటి సంవత్సరములలో కొరియా, జపాను దేశముల నుండి వ్యాపించినది.

వేడుకతోబాటు విషాదము కూడ ఉన్నది. 1933లో అమెరికాలో లాష్ ల్యూరు అను రెప్పల రంగు అమ్మకమునకు వచ్చినది. అందులో తారునుండి తీసిన తీక్ష్ణమైన వర్ణద్రవ్యము ఉండెను. వాడినవారిలో కొందరికి చూపు పోయినది. ఒక స్త్రీ మరణించినది. అలంకార వస్తువులను అదుపుచేయుటకు అప్పుడు వారికి చట్టము లేదు. 1938లో చేసిన క్రొత్త చట్టములో అలంకార వస్తువులు కూడ చేరుటకు ఇటువంటి ప్రమాదములే కారణమైనవి. అదే జాతి వర్ణద్రవ్యము నేడును మన తలకు వేసికొను నల్లరంగులు పెక్కింటిలో ఉన్నది; తలకు పడినను రెప్పలకు రాయరాదని పొట్లముమీద చిన్న అక్షరములతో ముద్రింతురు. ఆ అక్షరములను చదువువారిని నేనింతవరకు చూడలేదు.

కన్ను పోయేటంత కాటుక అని మనవారొక సామెత చెప్పుదురు. నా బాల్యములో మా అవ్వ చేసిన కాటుక నాకు బాగుగ జ్ఞాపకమున్నది. పలుచని తెల్లని గుడ్డను పొన్నగంటాకు రసములో ముంచి నీడను ఆరబెట్టును. మరల ముంచి మరల ఆరబెట్టును. దానిని వత్తిచేసి ఆముదపు దీపము వెలిగించి, పైన గంధము పూసిన రాగిపళ్ళెరము బోర్లించును. తెల్లవారుసరికి పళ్ళెరమునకు పట్టిన మసిని కోడియీకతో గీచి, రెండు చుక్కల ఆముదముతో నూరి, వెండి బరిణెలో పెట్టును. పసిబిడ్డలకు కంట పెట్టి, మిగిలినది బుగ్గను దిష్టిచుక్కగా దిద్దును. అంగడి సుర్మాలు కొన్నిటిలో సీసము ఉన్నట్లు పరీక్షలలో తేలినది. అవ్వ కాటుకలో సీసము లేదు. అయినను ఎవరి వ్రేలితోనో పసికంట ఏదియు పెట్టవద్దని నేటి వైద్యులు అందురు. వారిదే సరి. నా పిల్లలకు నేను బుగ్గచుక్కతోనే తృప్తిపడినాను.

ఈ కాటుక మాట ఊరక ఎత్తలేదు. అతికిన వెండ్రుకలకు నూనె పరమశత్రువు. నూనె తగిలిన జిగురు సడలును. కాటుక పెట్టరాదు; ముఖమునకు నూనె రాయరాదు; మొదటి ఒకటి రెండు దినములు ఆవిరి, నీరు తగులనీయరాదు; రెప్పలు నులుమరాదు. ఈ నిషేధముల పట్టికను ఆ పిల్ల చదువుచుండగా నాకు నవ్వు వచ్చినది. పెండ్లికూతురి తల్లి చేయవలసిన పనుల పట్టిక అదియే గదా! మంగళస్నానమునాడు బిడ్డతోబాటు తల్లికిని తల అంటుదురు. నలుగు, నూనె, కుంకుడుకాయ నురుగు, వేన్నీళ్ళు. మరునాడు హోమపు పొగ. చివరకు అప్పగింతలు. అప్పగింతలవేళ కన్నులు నులుముకొనని తల్లిని ఏ పందిటిలోనైన చూచితిరా? వెండ్రుకలు రాలునేమో అని ఏడుపును అదుపులో పెట్టుకొనుట నావలన కాని పని.

అయినను వద్దనుకొనుటకు అదియొక్కటియే చాలదు. స్నానము నాడు జాగ్రత్తపడవచ్చును. పెద్దత్తగారు స్వయముగా, నీకు నుదుటిమీద చుక్కనూనె పెట్టి వదిలిపెడతాములే అన్నది. ఆచారమునకు ఆమెయే మినహాయింపు ఇచ్చినది!

అప్పుడు బెంగుళూరు డాక్టరుగారిని అడిగినాను. ఆమె భూతద్దముతో రెప్పలు చూచి, క్రొత్తవి మొలచుచున్నవని చూపినది. మా ఇంటికి వచ్చి నేను కూడ భూతద్దపు అద్దములో లెక్కపెట్టినాను. కుడి పైరెప్పకు 19, ఎడమదానికి 11. ఒక్కొక్కటి వరిపొట్టు మీది నూగువలె ఉన్నది. వీటిమీద తమకంటె లావును, మూడింతలు పొడవును అయిన నారను అతికినచో ఆ బరువుకు మొదలు లాగబడును. మరల మరల లాగబడిన కుదురు కొన్నిటిలో వెండ్రుక ఇక మొలవకపోవచ్చును. చికిత్సవలన నీరసించిన దేహములో రెప్పకు చీము పట్టినచో మానుట ఆలస్యము. ఆరునెలలు ఆగి, వరుస నిండిన తరువాత మీ ఇష్టము అన్నది. రెప్పవెండ్రుకలను పెంచు ఒక చుక్కలమందు ఉన్నదనియు, అది మొదట కంటిలోని ఒత్తిడి తగ్గించుటకు పుట్టినదనియు, 2008లో అమెరికావారు దానిని వెండ్రుకలకై కూడ అనుమతించిరనియు చెప్పినది. అది రెప్పచర్మమును నల్లబరచును. ఒక్కొక్కరికి కనుపాప చుట్టు రంగును మార్చును. మందులతో విసిగియున్నాను, దానిని గూర్చి రెండవమారు అడుగలేదు.

మిగిలినవి రెండు దారులు. పట్టీగా అతికించునవి ఒక్కపూటకు పెట్టుకొనవచ్చును. ఊడదీయునప్పుడు ఆ ముప్పది వెండ్రుకలలో కొన్ని వెంట వచ్చును. లేదా ఉన్నట్లే పందిటిలో నిలువవచ్చును.

ఆ దినములలో నాకు దమయంతి కథ తరచు తలపునకు వచ్చెడిది. స్వయంవరమున నలుని రూపముతో దేవతలు కూడ కూర్చుండగా, ఆమె అసలు నలుని ఎట్లు గుర్తించినది? దేవతలకు చెమట లేదు, వారి పూదండలు వాడవు, వారి రెప్పలు పడవు. చెమర్చినవాడు, రెప్ప వేసినవాడు నలుడు. అందుకే దేవతలకు అనిమిషులని పేరు. ఇంకొక కథలో నిమి చక్రవర్తి వసిష్ఠుని శాపమున దేహము కోల్పోయి, మరల దేహము వద్దని, సకల ప్రాణుల రెప్పలలో నివాసము పొందినాడు. రెప్పపాటునకు నిమేషమను పేరు ఆయనవలననే అందురు. దేహము వద్దని రెప్పలలో చేరిన రాజును తలచుకొన్నప్పుడెల్ల, నా రెప్పలలో ఆయనకు నీడ కూడ లేదే అని నవ్వుకొనెడిదానను. ఇవి పౌరాణిక కల్పనలు. వీటివలన నా సమస్య తీరలేదు. కాని రెప్ప వేయుట మనుష్యులకు గుర్తు అను ఊహ మాత్రము నన్ను వదలలేదు. దమయంతి రెప్ప పడుట చూచినదికాని దానికెన్ని వెండ్రుకలున్నవో చూడలేదు.

తుదకు పెద్దత్తగారితో చెప్పినాను. "అత్తా, పార్లరుకి పోలేదు. పోను. ఎవురన్నా అడిగితే ఉండేది చెప్తాను." ఆమె చాలసేపు మాటలాడలేదు. పిమ్మట, "చిన్నదాన్ని అడిగినావా?" అన్నది. అది న్యాయమైన ప్రశ్న. దాచనందువలన నష్టము వచ్చినచో రావలసినది దానికే. నేను అంతకుముందే అడిగియున్నాను. మా చిన్నది చదువుకొనుచున్న పిల్ల. "నీ రెప్పలు చూసి వద్దనే ఇల్లు నాకూ వద్దమ్మా" అన్నది. ఇరువదియేండ్ల వయసున ఆ మాట సులభముగా వచ్చును. ముప్పదియేండ్లకు కూడ అట్లే రావలెనని నేను కోరుచున్నాను. పెద్దత్తగారు ఆ మాట విని లేచి వెళ్ళిపోయినది. ఒప్పుకొన్నదని చెప్పలేను. పెండ్లినాడు మాత్రము మూడు గంటలసేపు నా ప్రక్కనే కూర్చుండి, నన్ను తేరి చూచినవారిని తాను తేరి చూచినది.

పార్లరు పిల్లకు ముందుగా ఇచ్చిన ఐదువందలు ఆమె తిరిగి ఇవ్వబోగా పుచ్చుకొనలేదు. వరుస నిండిన తరువాత వత్తునని చెప్పినాను; ఊరక అన్నమాట కాదు, వెళ్ళవచ్చును కూడ. మా అమ్మాయి రిసెప్షనునాటి రాత్రి పట్టీ రెప్పలు పెట్టుకొన్నది, బాగున్నవి. నేను దుమ్ముకు అడ్డముగా నంబరు లేని అద్దములు వేసికొని దారిన పోయి, పందిటిలో తీసివేసినాను. కనుబొమలు పెన్సిలుతో గీయుమని మా వదిన అన్నప్పుడు సరే అన్నాను. చెమటను ఆపవుగాని గీతలు గీతలే.

ముహూర్తమైన పిదప, భోజనాల వేళ, వేపనపల్లి వైపునుండి వచ్చిన ఒక బంధువు నన్ను చేయిపట్టుకొని వంటశాల వెనుకకు తీసికొనిపోయినది. నలుబదియేండ్ల మనిషి. వరుసకు మరదలు. "వదినా, నీ కండ్లు చూస్తినే. మా పక్కింటామెకి కూడా ఇట్లే పోయింటాయి. నీకూ అదేనా?" అని అడిగినది. అదే అన్నాను. ఆమె కొంతసేపు విస్తరాకుల కట్టవైపు చూచి, నాలుగు నెలలుగా చంకదగ్గర ఒక గడ్డ ఉన్నదనియు, నొప్పి లేదనియు, ఇంటిలో చెప్పలేదనియు అన్నది. నొప్పి లేనందుననే చూపించుకొనవలెనని చెప్పినాను. ఆసుపత్రి పేరు, పోవలసిన దినము, అడుగవలసిన విభాగము వ్రాసి ఇమ్మన్నది. తాంబూలపు సంచిమీద తెలుగున రెండు అక్షరములు వ్రాసినాను. ఆమె చూచి, "ఇది చదివేకి రాదు వదినా" అన్నది. కొట్టివేసి, క్రింద తమిళమున వ్రాసి ఇచ్చినాను.